నర్సరీ ఖాళీ చేసిన ఏటి ఒడ్డు నేలను మళ్లీ బాగు చేసుకోవడం ఎలా?

కడియం, ధవళేశ్వరం వైపు నుంచి, అప్పుడప్పుడు విజయవాడ నుంచి కూడా ఒకటే ప్రశ్న వస్తోంది. “పదిహేనేళ్లు నర్సరీకి కౌలుకిచ్చిన స్థలం తిరిగి చేతికొచ్చింది. ఈలోగా ఊరు అక్కడిదాకా పెరిగింది. ఏటి పక్కనే కాబట్టి తోటలా చేద్దామనుకుంటున్నాం. దున్ని మొక్కలు వేసేయవచ్చా?”

ఇప్పుడే వద్దు.

నర్సరీ నడిచిన నేలను పొలంలా చూడకూడదు. పొలంలో ఎరువైనా మందైనా చేనంతా దాదాపు ఒకేలా పడుతుంది. నర్సరీలో అలా కాదు. మందు కలిపిన చోట ఇరవై గజాల్లో ఏళ్ల తరబడి ఒలికి ఉంటుంది, పక్కనే మొక్కల సంచులు పేర్చిన చోట నేలకు మందు అంతగా తగిలి ఉండకపోవచ్చు. ఒక మూల మెట్ట నుంచి లారీల్లో తెచ్చిన ఎర్రమట్టి, ఇంకో మూల కంకర దారి, మధ్యలో పాలిథిన్ పాతర. ఈ తేడాను పట్టుకుంటే సగం పని అయినట్టే. పట్టుకోకుండా చేసిన పరీక్షలన్నీ దండగ.

కావలసినవి

- స్థలం కొలతల పటం (ఎఫ్‌ఎంబీ నకలు చాలు), టేపు, గుర్తు కర్రలు
- పార, గడ్డపార, అరంగుళం కన్నాల జల్లెడ
- మూడడుగుల ఇనుప చువ్వ, వేలి కన్నా సన్నగా ఉన్నది
- ఆరంగుళాల పీవీసీ గొట్టం ముక్క, అరడుగు పొడవు
- ప్లాస్టిక్ బకెట్టు, కొత్త గుడ్డ సంచులు
- వెడల్పు మూతి గాజు సీసాలు నాలుగైదు, అల్యూమినియం రేకు, ఐసు పెట్టె
- రబ్బరు తొడుగులు, బూట్లు, మాస్కు
- ఒక ఏడాది ఓపిక

ఏడాది అన్నది ఊరికే కాదు. గోదావరి వరద జూలై నుంచి సెప్టెంబరు దాకా వస్తుంది. అందుకే పని నవంబరులో మొదలుపెట్టాలి. నవంబరు, డిసెంబరుల్లో తవ్వకం, పరీక్షలు, జనవరి నుంచి మార్చి దాకా ఏరివేత, వేసవిలో ఎండ, తొలకరితో పచ్చిరొట్ట (నేలలోనే కలియదున్నే పైరు). మీ నేల గట్టుకు నది వైపు ఉంటే ఒక సంగతి ముందే కనుక్కోండి. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకు, రెండోది 13.75కు, మూడోది 17.75కు ఇస్తారు. మీ స్థలంలోకి ఏ హెచ్చరికకు నీళ్లొస్తాయో ఇరుగుపొరుగును అడిగి పటం మీదే రాసుకోండి. తర్వాత ఎరువు గుట్ట ఎక్కడ వేయాలో, ఎక్కడ వేయకూడదో అదే చెబుతుంది.

1. నేల చరిత్ర రాయండి

గూగుల్ ఎర్త్‌లో పాత ఉపగ్రహ చిత్రాలు ఏడాదివారీగా కనిపిస్తాయి. నీడ వల ఎక్కడ ఉండేది, కొట్టం ఎక్కడ, దారులు ఎటు పోయాయి, ఏ భాగం ఏ సంవత్సరంలో మట్టి తీసి గుంతయింది, అన్నీ ఒక గంటలో తేలిపోతాయి. వాటిని పటం మీదికి ఎక్కించండి.

తర్వాత మనుషులు. నర్సరీ యజమాని కన్నా అక్కడ మందు కొట్టిన మనిషికి ఎక్కువ తెలుస్తుంది. అతన్ని వెతికి పట్టుకుని, టీ తాగిస్తూ ఇవి అడగండి: మందు ఎక్కడ కలిపేవారు? డబ్బాలు, స్ప్రేయరు ఎక్కడ కడిగేవారు? సంచుల మట్టిలో ఏ గుళికలు కలిపేవారు? చచ్చిన మొక్కలు, చిరిగిన సంచులు ఎక్కడ పారేసేవారు? తల్లి మొక్కలు (అంట్లు తీసేవి) ఏ మడిలో ఉండేవి? తల్లి మొక్కల మడి ముఖ్యం. అది కదలకుండా ఏళ్లపాటు ఒకేచోట ఉంటుంది, మందులూ మైలుతుత్తమూ ఎక్కువగా పడేది దాని మీదే.

పాత పురుగుమందులు నిషేధమైన సంవత్సరాలు కూడా చూసుకోండి. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఉత్తర్వుతో ఆపేశారు. లిండేన్ వాడకం 2013లో, ఫోరేట్ వాడకం 2020 చివరలో నిషేధించారు. నర్సరీ వీటికి ముందునుంచే నడిచిందా? అయితే ప్రయోగశాలను ఏవేవి వెతకమనాలో మీకు తెలిసిపోయింది.

2. హద్దు, గట్టు

ఇది త్వరగా ముగించవచ్చు కానీ వదలకూడదు. మీభూమి వెబ్‌సైట్‌లో అడంగల్, 1బీ (భూమి రికార్డులు) చూడండి. 22ఏ నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉందేమో చూడండి. లంక భూముల్లో ప్రభుత్వానివి చాలా ఉన్నాయి. రాష్ట్ర భవన నిబంధనల ప్రకారం పట్టణ పరిధిలో నది హద్దు నుంచి 50 మీటర్లు, బయట 100 మీటర్లు కట్టడాలు కూడదు. ఆ హద్దు ఎక్కడో తేల్చేది నీటిపారుదల, రెవెన్యూ శాఖలు. మీ కంచె చూసి మీరు అనుకుంటే చెల్లదు. గట్టు మొదట్లో గోతులు తీయడం అనుమతి ఉన్నా సరే తెలివైన పని కాదు, వరదలో నీరు అక్కడే ఊరుతుంది.

3. స్థలాన్ని ముక్కలు చేయండి

పటం మీద ఈ ముక్కలు వేరువేరుగా గీయండి: మందుల కొట్టం, దాని చుట్టూ పది అడుగులు, మందు కలిపిన చోటు (సాధారణంగా బోరు పక్కనే ఉంటుంది), తల్లి మొక్కల మడి, సంచులు పేర్చిన వరసలు, మట్టి కలిపి సంచులు నింపిన కళ్లం, చెత్త గుంట, లారీల దారి. వీటితోపాటు నర్సరీ ఎన్నడూ తాకని నేల ఒకటి కావాలి. కంచె అవతల పాత చెట్టు కిందిదైనా పరవాలేదు. దీన్ని “సాక్షి నేల” అందాం. ఇది లేకుండా వచ్చిన ఏ అంకెకూ అర్థం ఉండదు. ఎందుకో ఏడో మెట్టులో చెబుతాను.

4. గోతులు తవ్వి కళ్లతో చూడండి

ప్రతి ముక్కలో ఒకటి చొప్పున, అడుగు పొడవు, అడుగు వెడల్పు, రెండడుగుల లోతు. మొదటి రోజే ప్రతి గోతి పక్కన గుర్తు కర్ర గట్టిగా పాతండి. చెత్త గుంటను మాత్రం తొడుగులు వేసుకుని తవ్వండి. వాసన ఘాటుగా వస్తే, గుళికలు కనిపిస్తే ఆపి, మట్టి వెనక్కి కప్పి, గుర్తు పెట్టండి.

ఏం కనిపిస్తుందో ఒక గోతి వివరంగా చెబుతాను. కాలువ పక్కన ఒక స్థలంలో సంచుల వరస మీద తవ్వాం. పైన జానెడు మందాన ఎర్రమట్టి, ఇటుకలా గట్టిగా. దాని కింద నల్ల పాలిథిన్ పొరలు పొరలుగా, పాత పుస్తకం పేజీల్లా అతుక్కుపోయి ఉన్నాయి. లాగితే మూర పొడవున చిరిగివచ్చాయి. ఆ పేజీల మధ్య సన్నటి తెల్ల వేళ్లు అడ్డంగా పాకి ఎండిపోయాయి, కిందికి దిగే దారి దొరకలేదు. పాలిథిన్ తీశాక కనిపించింది అసలు నేల, మెత్తటి బూడిదరంగు ఒండ్రు. చేతిలో పొడిచేస్తే ఎండకు మెరిసింది. అంత మంచి మట్టిలో ఒక్క వానపాము లేదు. గాలీ నీరూ అందక పుల్లటి మురుగు వాసన మాత్రం ఉంది.

గోతిలో మీరు రాసుకోవలసినవి నాలుగే: ఏ లోతు దాకా ఏ రంగు మట్టి, పాలిథిన్ ఎంత లోతులో, వానపాములు ఎన్ని, వాసన ఎలాంటిది. ఫోటో తీసేటప్పుడు టేపు గోతిలో నిలబెట్టి తీయండి.

తడి ఆరాక చువ్వను చేత్తో గుచ్చుతూ వరసగా నడవండి. సాక్షి నేలలో అడుగున్నర దిగిన చువ్వ దారి మీద నాలుగంగుళాలకే ఆగితే అక్కడ నేల బిగిసిందన్నమాట.

5. నమూనాలు తీయండి

అందరూ తప్పుచేసే చోటు ఇది. రైతులకు నేర్పిన పద్ధతి మనకు బాగా అలవాటు: చేనంతా వంకరటింకరగా నడిచి పది చోట్ల “వి” ఆకారంలో గుంత తీసి, మట్టంతా కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు తీసేస్తూ అరకిలో మిగుల్చుకోవడం. పద్ధతి మంచిదే, పొలానికి. ఇక్కడ అలా చేస్తే మందు ఒలికిన మట్టి తొమ్మిది మంచి గుంతల మట్టిలో కలిసి పలచబడుతుంది. కాగితం మీద అంతా బాగుంటుంది, నేలలో విషం అలాగే ఉంటుంది.

కాబట్టి ముక్కకొక నమూనా. ఒక ముక్కలో ఐదారు చోట్ల మట్టి కలపవచ్చు, రెండు ముక్కల మట్టి మాత్రం ఎప్పుడూ కలపవద్దు. మందు కలిపిన చోట, తల్లి మొక్కల మడిలో 0–15, 15–30, 30–60 సెంటీమీటర్ల లోతుల్లో విడివిడిగా తీయండి.

ఉదజని సూచిక (పీహెచ్), లవణాలు, సేంద్రియ కర్బనం, పోషకాల కోసం గుడ్డ సంచిలో అరకిలో చాలు, వ్యవసాయ శాఖ భూసార పరీక్ష కేంద్రం చేస్తుంది. రాగి, ఇతర లోహాలకు ప్లాస్టిక్ బకెట్టు, చెక్క పుల్ల వాడండి. తుప్పు పట్టిన పార, జింకు పూత బకెట్టు వద్దు. పురుగుమందుల అవశేషాలకు గాజు సీసా, మూత లోపల అల్యూమినియం రేకు, ఐసు పెట్టె, మర్నాటికల్లా ప్రయోగశాల. ప్లాస్టిక్ సంచిలో పంపితే మందులో కొంత సంచికే అంటుకుంటుంది.

అవశేషాల పరీక్ష భూసార కేంద్రంలో జరగదు. ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ప్రయోగశాలకు పంపాలి, ఖర్చు కూడా ఎక్కువే. డబ్బు తక్కువైతే మూడే పంపండి: మందు కలిపిన చోటు, తల్లి మొక్కల మడి, సాక్షి నేల. ఒక మాట తప్పక రాసివ్వండి: ఎండోసల్ఫాన్ అంటే ఎండోసల్ఫాన్ సల్ఫేట్ కూడా, ఫోరేట్ అంటే ఫోరేట్ సల్ఫాక్సైడ్, సల్ఫోన్ కూడా వెతకమని. అసలు మందు మాయమై ఇవి మిగిలి ఉంటాయి. అడగకపోతే చాలాచోట్ల చూడరు.

బోరు నీళ్లు కూడా ఒక సీసా పంపండి. నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదు.

6. నివేదిక వచ్చేలోగా ఇంట్లో మూడు పరీక్షలు

*గింజల పరీక్ష.* ప్రతి ముక్క మట్టితో మూడు కుండీలు, సాక్షి మట్టితో మూడు. ఒక్కోదాంట్లో పది దోస గింజలు, పది పెసలు. మూడు వారాలు చూడండి. మొలకలు తక్కువైతే లవణాలో, విషమో. మొలిచాక ఆకులు మెలితిరిగితే, అంచులు పసుపుబారి మాడితే కలుపుమందు అవశేషం అని అనుమానించాలి. కుండీ అంచున తెల్లటి పొర కడితే లవణం. ఇది ప్రయోగశాలకు బదులు కాదు. ఏ ముక్కను ప్రయోగశాలకు పంపాలో చెప్పే చవక దారి.

*నులిపురుగుల పరీక్ష.* తల్లి మొక్కల మడి మట్టిలో టమాటా నారు ఐదారు వారాలు పెంచి, మెల్లగా పీకి, వేళ్లు కడిగి చూడండి. పూసలు గుచ్చినట్టు బుడిపెలు ఉంటే వేరుబుడిపె నులిపురుగు ఉంది. జామ మొక్కలతో ఇది ఊళ్లు తిరిగిన జబ్బు, తేలిగ్గా తీసుకోవద్దు.

*నీరు ఇంకే పరీక్ష.* పీవీసీ ముక్కను సగం దాకా నేలలోకి దించి 450 మిల్లీలీటర్ల నీరు పోయండి. ఆ గొట్టంలో అది దాదాపు అంగుళం ఎత్తు. మొదటిది నేల తడవడానికి. అది ఇంకాక మళ్లీ అంతే పోసి, ఈసారి గడియారం చూడండి. సాక్షి నేలలో పావుగంటకు ఇంకింది ఇక్కడ గంటన్నరైనా నిలిచిందంటే పైపొర బిగుసుకుపోయింది.

7. అంకెలు చదవడం

సేంద్రియ కర్బనం 0.5 శాతం లోపు తక్కువ, 0.75 దాటితే బాగున్నట్టు. లవణాల అంకె (ఈసీ) ఒకటి లోపు ఉంటే చింత లేదు, నాలుగు దాటితే చాలా మొక్కలు నిలవవు. ఉదజని సూచిక 8.5 దాటి, సోడియం కూడా ఎక్కువని నివేదిక చెబితేనే జిప్సం. “నేల బాగాలేదు” అనగానే జిప్సం చల్లేవాళ్లున్నారు. ఉత్త లవణాలే అయితే మంచినీరు నిలిపి కిందికి దింపితే చాలు, జిప్సం డబ్బు మిగులుతుంది.

రాగి దగ్గర జాగ్రత్త. మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం ఏళ్లపాటు కొడితే రాగి పైపొరలో పేరుకుంటుంది, నిజమే. అయితే గోదావరి ఒండ్రు దక్కన్ నల్లరాతి నేలల మీదుగా వస్తుంది. అందులో సహజంగానే రాగి కొంత ఎక్కువ. వేరే దేశపు పరిమితితో సరిచూసి బెదిరిపోవద్దు. సాక్షి నేల అంకెతో పోల్చండి. దానికీ దీనికీ కొద్ది తేడా అయితే అది నది తెచ్చిన రాగి, రెండు మూడు రెట్లుంటే నర్సరీ తెచ్చిన రాగి.

నిషేధిత మందుల అవశేషం లోతు నమూనాలో, అంటే 30–60 సెంటీమీటర్లలో, లేదా బోరు నీటిలో కనిపిస్తే ఇది ఇంటిపని కాదు. కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా తెలపండి, ఆ బోరు తాగునీటికి ఆపండి.

8. తీయవలసినవి తీయండి

ముందు మందుల కొట్టం. డబ్బాలు తెరవవద్దు, కలపవద్దు, బోరు దగ్గర కడగవద్దు. చీటీలు కనిపించేలా ఫోటో తీసి, మూత ఉన్న డ్రమ్ములో నిలబెట్టండి. ఇవి ప్రమాదకర వ్యర్థాలు. ఆంధ్రప్రదేశ్‌లో పరవాడ, తెలంగాణలో దుండిగల్ కేంద్రాలకు వెళ్లాలి. దారి కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయం చెబుతుంది.

పాలిథిన్ తర్వాత. ఇక్కడ ఒక్క తప్పుతో ఏడాది పోతుంది: రోటవేటరు దించవద్దు. అది మూరెడు పాలిథిన్‌ను గోరంత ముక్కలు చేసి అరడుగు లోతున కలిపేస్తుంది, ఇక ఏ జల్లెడా పట్టదు. నేను ఒకసారి చేశాను. మూడేళ్లయింది, ఇప్పటికీ ప్రతి వానకూ నల్ల ముక్కలు పైకి తేలుతూనే ఉన్నాయి. గొర్రుతో పైపైన ఒక్కసారి లాగించి, పొరలు పైకి లేచాక మనుషులతో ఏరించండి. కళ్లం, చెత్త గుంటల మట్టి మాత్రం జల్లెడ పట్టాలి. మట్టి పొడిగా ఉన్నప్పుడే. తడిలో జల్లెడ మూసుకుపోతుంది. ఏరినది తగలబెట్టవద్దు, ఏటిగట్టు అవతల పారేయవద్దు. మట్టి దులిపి మూటకట్టి పురపాలక ప్లాస్టిక్ సేకరణకు ఇవ్వండి.

కంకర దారి తీసేయండి. ఎర్రమట్టి? అది శుభ్రంగా ఉంటే ఉంచండి, కింది ఒండ్రుతో కలిస్తే నష్టం లేదు. అవశేషం ఉన్న జానెడు మట్టిని మాత్రం విడిగా తీసి, టార్పాలిన్ మీద పోసి కప్పి, నీరు రాని చోట ఉంచండి. నివేదికను బట్టి దాని దారి తేలుతుంది.

అన్నిటికన్నా ఎక్కువగా అడిగే ప్రశ్న: “ఇదంతా ఎందుకు, పైన రెండడుగులు కొత్త మట్టి పోసి కప్పేస్తే?” ఏటి ఒడ్డున భూగర్భజలం పైకీ కిందికీ ఆడుతుంది. కింది విషం కిందే ఉండదు. పైగా ఆ కొత్త మట్టి ఎక్కడి నుంచి తెస్తారు? ఇంకొకరి పొలం గుల్ల చేసే కదా.

9. నేలకు ప్రాణం

బిగిసిన దారుల్లో మార్చిలో, మట్టి ఆరి ఉన్నప్పుడు, సబ్‌సాయిలర్ (నేలను లోతుగా చీల్చే నాగలి) రెండు వైపులా లాగించండి. తడిలో యంత్రం దించితే ఇంకా బిగుస్తుంది. నులిపురుగు ఉన్న మడిని ఏప్రిల్, మే నెలల్లో తడిపి, పలచటి పారదర్శక (నల్లది కాదు) పాలిథిన్ కప్పి, అంచులు మట్టితో మూసి ఆరు వారాలు ఎండనివ్వండి. తుంగకు దీనితో పెద్ద ఉపయోగం లేదు. గడ్డలు తవ్వి తీయడమే.

తొలకరికి పచ్చిరొట్ట. నీరు నిలిచే చోట జీలుగ ఎకరాకు 12 కిలోలు, నీరు నిలవని చోట జనుము 15 కిలోలు. పూత మొదలవగానే, దాదాపు 45–50 రోజులకు, కలియదున్నండి. కాయలు కట్టేదాకా ఆగితే కాడ ముదిరి చివకదు. రాగి, మందుల అవశేషం స్వల్పంగా ఉన్న ముక్కల్లో బాగా చివికిన పశువుల ఎరువు ఎక్కువ వేయండి, సేంద్రియ పదార్థం వాటిని పట్టి ఉంచుతుంది. నర్సరీ వదిలేసిన కొబ్బరిపొట్టు గుట్ట ఉంటే పచ్చిగా వాడవద్దు. అందులో లవణాలు ఎక్కువ, చివికేటప్పుడు నేల నత్రజని కూడా లాగేసుకుంటుంది.

వరద వచ్చే నేలలో వదులుగా దున్నిన భాగం జూలై నాటికి పచ్చిరొట్టతో కప్పబడి ఉండాలి. లేకపోతే మీ కష్టమంతా యానాం దగ్గర సముద్రంలో తేలుతుంది.

10. నాటడం

గట్టుకు ఊరి వైపు నేలలో పచ్చిరొట్ట కలియదున్నాక, నది వైపు నేలలో వరద తీశాక, అక్టోబరులో. నీటి అంచున రెల్లు, వట్టివేరు. కాస్త పైన ఏరుమద్ది, నేరేడు, మేడి, కానుగ, వెదురు. గట్టు వాలు మీద మాత్రం పెద్ద చెట్లు వద్దు. వేరు కుళ్లిన దారిలో ఊరిన నీరు గట్టుకు గండి తెస్తుంది, అక్కడ గడ్డే మేలు.

చుట్టూ నర్సరీలే కాబట్టి మొక్కలు చవక, ఆశ పడతారు. కోనోకార్పస్, సుబాబుల్, పసుపు పూల వెడేలియా వద్దు. వెడేలియా ఇప్పటికే కంచె పొడవునా పాకి ఉంటే కణుపుతో సహా పీకండి, తెగిన ప్రతి ముక్కా మళ్లీ నాటుకుంటుంది. సంచి మొక్క కొంటే సంచి విప్పి వేళ్లు చూశాకే కొనండి. బుడిపెలుంటే మీరు ఎండబెట్టి చంపిన నులిపురుగును డబ్బిచ్చి తెచ్చుకున్నట్టే. నేరేడు, కానుగలకు గింజే సులువు. నేరేడు గింజ ఎండితే మొలవదు, పండు తిన్న వారంలోపే నాటాలి.

కూరగాయలా? అవశేషం కనిపించిన ముక్కలో ఆకుకూరలు, దుంపలు వద్దు, పశువుల మేత కూడా వద్దు. ఏడాది తేడాతో రెండు పరీక్షలు శుభ్రంగా వచ్చాక చూసుకోండి.

సరిగ్గా అయిందని ఎలా తెలుస్తుంది?

మరుసటి నవంబరులో అవే గోతుల పక్కన, అదే కొలతతో మళ్లీ తవ్వండి. వేరే చోట తవ్వితే పోలిక కుదరదు, అందుకే మొదటి రోజు గుర్తు కర్రలు గట్టిగా పాతమన్నది. చువ్వ ఎంత దిగింది, గొట్టంలో నీరు ఎంతసేపటికి ఇంకింది, వానపాములు ఎన్ని, పక్కపక్కన రాయండి. అడుగు గోతిలో పది వానపాములు కనిపిస్తే ఆ ముక్క గాడిన పడింది. వరద నెమ్ము ఆరకముందు మాత్రం లెక్కించవద్దు. నిండా తడిసిన మట్టిలో అవి పైకి వచ్చి దొంగ లెక్క చూపిస్తాయి. అవశేషాల పరీక్ష ఈసారి మందు కలిపిన చోటికి, మొదట అవశేషం కనిపించిన ముక్కలకు చాలు, అదే లోతుల్లో, వీలైతే అదే ప్రయోగశాలలో.

మూయకుండా వదిలేసిన పాత బోరు ఉంటే దాని కేసింగును నేల మీద రెండడుగులు పైకి లేపి, చుట్టూ సిమెంటు గచ్చు వేసి, మూత బిగించండి. మొదటి వరదలో మందు కలిపిన చోటి నీళ్లన్నీ నేరుగా దిగేది ఆ గొట్టంలోకే.